క్లింగాన్ భాష: ధ్వని వ్యవస్థ

క్లింగాన్ ఒక కల్పిత భాష. 'స్టార్ ట్రెక్' చలనచిత్రాలలోని క్లింగాన్ అనే యోధజాతి కోసం అమెరికన్ భాషాశాస్త్రవేత్త మార్క్ ఓక్రాండ్ దీన్ని నిర్మించాడు. 1984లో విడుదలైన 'స్టార్ ట్రెక్ 3: ది సెర్చ్ ఫర్ స్పాక్'లో ఇది తొలిసారి పూర్తి స్థాయి భాషగా వినిపించింది. ఆ మరుసటి ఏడు ఓక్రాండ్ రాసిన 'ది క్లింగాన్ డిక్షనరీ' వెలువడింది. ఉచ్చారణ నియమాలకు నేటికీ అదే ప్రమాణ గ్రంథం.

ఈ భాషలో 26 వర్ణాలున్నాయి: 21 హల్లులు, 5 అచ్చులు. ప్రపంచ భాషల్లో హల్లుల సగటు సంఖ్య సుమారు 22. అచ్చుల్లో అన్నిటికంటే ఎక్కువగా కనిపించే సంఖ్య అయిదే. లెక్క చూస్తే క్లింగాన్ సగటు భాష. విడివిడిగా చూస్తే అందులోని ప్రతి ధ్వనీ భూమ్మీద ఏదో ఒక జాతి నోట పలికేదే. అయినా మొత్తం వ్యవస్థ ఏ మానవ భాషకూ సరిపోలదు. ఉండాల్సిన చోట కొన్ని ధ్వనులు లేకపోవడం, అక్కర్లేదనుకున్న చోట మరికొన్ని ఉండడం ఇందుకు కారణం. ఈ వ్యాసం ప్రధానంగా ఆ ఖాళీల గురించే.

ఈ వ్యాసంలో వాడిన రాత

క్లింగాన్‌ను సాధారణంగా రోమన్ లిపిలో రాస్తారు (చూ. రోమన్ రాత, సొంత లిపి). ఇక్కడ తెలుగు లిపిలో ఇస్తున్నాం కనుక కొన్ని ఒప్పందాలు అవసరం. 'ఖ' అన్నచోట తెలుగు మహాప్రాణం కాకుండా 'ఖుదా' అనే ఉర్దూ మాట మొదట్లోని ఒరిపిడి ధ్వనిని పలకాలి. 'ఘ' అన్నచోట 'గజల్' మాటను ఉర్దూ తెలిసినవారు పలికేటప్పటి మొదటి ధ్వనిని పలకాలి. 'క' అంటే కొండనాలుక దగ్గర పలికే క. 'క్ఖ' అంటే అదే చోట పుట్టి ఒరిపిడితో ముగిసే జంట ధ్వని. 'ట్ల' రెండు ధ్వనుల సంయుక్తాక్షరం కాదు, ఒకే ధ్వని. పైన పెట్టిన కొమ్మ (') కంఠబిలీయ స్పర్శానికి, అంటే గొంతు ఒక్క క్షణం మూసుకుని తెరుచుకోవడానికి గుర్తు. క్లింగాన్‌లో రెండు వేర్వేరు 'వ'లున్నాయి. వాటికి తెలుగులో రెండు అక్షరాలు లేవు కనుక రెంటికీ వ-నే వాడి, అవసరమైన చోట తేడా చెబుతున్నాం.

చరిత్ర

క్లింగాన్లు టెలివిజన్ ధారావాహికలో కనిపించింది 1967లో. అప్పట్లో వాళ్లు ఇంగ్లీషే మాట్లాడేవారు. 1979లో వచ్చిన 'స్టార్ ట్రెక్: ది మోషన్ పిక్చర్' ఆరంభ దృశ్యంలో ఒక క్లింగాన్ నౌకాధిపతి తన భాషలో కొన్ని ఆజ్ఞలిస్తాడు. ఆ మాటల ధ్వనులను సమకూర్చింది వృత్తిరీత్యా భాషావేత్త కాదు. ధారావాహికలో స్కాటీ పాత్రధారి, రకరకాల యాసలు అనుకరించడంలో దిట్ట అయిన నటుడు జేమ్స్ డూహన్. వాటికి వ్యాకరణం లేదు. పొట్టి పొట్టి మాటలు, గొంతులోంచి వచ్చే మోటు ధ్వనులు, అంతే.

ఓక్రాండ్ కాలిఫోర్నియాలో అంతరించిపోయిన మూలవాసుల భాష ముత్సున్ వ్యాకరణం మీద పరిశోధన చేసి 1977లో బర్క్‌లీలో డాక్టరేట్ పొందాడు. 1982లో 'స్టార్ ట్రెక్ 2'లో రెండు పాత్రలు ఇంగ్లీషులో మాట్లాడిన సంభాషణకు, వాళ్ల పెదవుల కదలికకు సరిపోయేలా వల్కన్ భాషలో మాటలు కూర్చే పని అతనికి దక్కింది. మూడో చిత్రంలో క్లింగాన్ బాధ్యత కూడా అతనికే అప్పగించారు. 1979 చిత్రంలోని ఆజ్ఞలను విని, వాటిలోని ధ్వనులనూ అక్షర నిర్మాణాన్నీ రాసుకుని, వాటికి మరికొన్ని చేర్చి అతను వర్ణ పట్టికను తయారుచేశాడు. భాష గొంతుతో పలికేదిగా, కరకుగా ఉండాలన్నది చిత్ర నిర్మాణం నుంచి వచ్చిన నిబంధన. అమెరికన్ నటులు కొద్దిరోజుల అభ్యాసంతో పలకగలగాలన్నది ఆచరణలోని నిబంధన. ఈ రెండూ ఒకదాన్నొకటి ఎదురుతన్నేవే. వర్ణ పట్టికలో కనిపించే రాజీలన్నీ ఇక్కడ పుట్టినవే.

చిత్రీకరణలో నటులు తప్పుగా పలికిన మాటలు కొన్ని అలాగే ఉండిపోయాయి. అలాంటి చోట ఓక్రాండ్ తన భాషనే సవరించుకున్నాడు. నిఘంటువు 1992లో అనుబంధంతో మళ్లీ వెలువడింది. మాటలు పెరిగాయి గానీ వర్ణ పట్టికకు ఒక్క ధ్వనీ చేరలేదు.

హల్లులు

తెలుగు వర్ణమాల ఉచ్చారణ స్థానాల వరసలో ఉంటుంది: క వర్గం కంఠంలో మొదలై, ప వర్గం పెదవుల దగ్గర ముగుస్తుంది. క్లింగాన్ హల్లులను ఆ గళ్లలో పేర్చి చూస్తే దాని నిర్మాణం తేలిగ్గా బోధపడుతుంది.

క వర్గంలో మామూలు క లేదు, గ లేదు. ప్రపంచ భాషల్లో దాదాపు అన్నిటిలోనూ ఉండే క ధ్వనిని క్లింగాన్ వదిలేసింది. ఆ స్థానంలో మిగిలింది అనునాసికం ఙ ఒక్కటే, దానితోపాటు ఒరిపిడి ధ్వనులు ఖ, ఘ. స్పర్శాలు లేకుండా వాటి అనునాసికం మాత్రం మిగలడం అసాధారణం. పైగా ఈ ఙ మాట మొదట్లో కూడా వస్తుంది: 'నివాసి' అన్న అర్థంలో 'ఙన్' ఒక మాట. తెలుగులో ఙ లిపిలో ఉన్నా, 'అంకం' వంటి మాటల్లో క, గ-లకు ముందు తప్ప వినిపించదు. ఇంగ్లీషులో మాట చివర వస్తుంది, మొదట రాదు. అందువల్ల క్లింగాన్ నేర్చుకునే ఇంగ్లీషువారిని తొలిరోజుల్లో ఇబ్బంది పెట్టే ధ్వనుల్లో ఇదొకటి. భాష పేరు 'ట్లిఙన్'లో రెండో అక్షరం దీనితోనే మొదలవుతుంది.

క-కు బదులు క్లింగాన్‌లో ఉన్నది ఇంకా వెనక్కి, కొండనాలుక దగ్గర పలికే ధ్వని. అరబ్బీలో ఖుర్ఆన్ అనే పేరు మొదట్లో వచ్చేది ఈ జాతిదే. లక్నో ఉర్దూ దీన్ని కాపాడుకుంది. హైదరాబాద్ దక్కనీలో మాత్రం ఇది ఒరిపిడి ఖ-గా మారిపోయి, కలం కాస్తా 'ఖలం' అయింది. కాబట్టి హైదరాబాదు చెవికి క్లింగాన్ ఖ, ఘ-లు పాత పరిచయాలు, క మాత్రం కొత్త. ఇదే చోట పుట్టే రెండో ధ్వని క్ఖ. కొండనాలుక దగ్గర గాలిని పూర్తిగా ఆపి, విడిచేటప్పుడు అక్కడే గరగరమని ఒరిపిడి చేస్తే ఇది వస్తుంది. క్లింగాన్ అనగానే జనానికి గుర్తుకొచ్చే గొంతు గీరుడు ఇదే. 'విజయం' అన్న అర్థంలో వీడ్కోలుగా చెప్పే 'క్ఖప్‌ల'' మాట దీనితోనే మొదలవుతుంది. క, క్ఖ-ల తేడా అర్థాన్ని మారుస్తుంది: 'కుల్' అంటే నిప్పు, 'క్ఖుల్' అంటే పరిశోధన. 'కెల్' అంటే పరిగణించు, 'క్ఖెల్' అంటే వైద్యుడు.

చ వర్గంలో చ, జ ఉన్నాయి. రెండూ తెలుగు తాలవ్య చ, జ-లకు దగ్గరివే. దంత్య ౘ, ౙ-లు లేవు. ఞ లేదు.

క్లింగాన్ అసలు వింత ట వర్గం, త వర్గం కలిసే చోట ఉంది. నాద ధ్వని డ మూర్ధన్యం, అచ్చంగా తెలుగు డ. నాలుక కొన అంగిలి మధ్యకు చేరాలి. శ్వాస ధ్వని ట మాత్రం మూర్ధన్యం కాదు. ఇంగ్లీషులోలా పంటి చిగురు మీద, కొంచెం మహాప్రాణంతో పలికేది. అంటే డ ఒక స్థానంలో, దానికి జోడీ కావలసిన ట ఇంకో స్థానంలో ఉన్నాయి. మానవ భాషల్లో సాధారణంగా ఒక స్థానంలో నాద స్పర్శం ఉంటే దాని శ్వాస రూపం కూడా అక్కడే ఉంటుంది. ఓక్రాండ్ ఈ పొందికను కావాలనే చెడగొట్టాడు. తెలుగువారికి ఇక్కడ కష్టం తిరగబడుతుంది. ఇంగ్లీషువారు డ దగ్గర తడబడతారు. తెలుగువారికి డ పుట్టుకతో వచ్చినదే, ట-ను మాత్రం అంగిలి నుంచి చిగురుకు దించాలి. మూర్ధన్య వరసలో డ-తోపాటు ఉన్నది ష ఒక్కటే. స లేదు, శ లేదు. ణ, ళ కూడా లేవు. అనునాసికం న, పార్శ్వికం ల రెండూ చిగురు దగ్గరివే.

ప వర్గంలో ప, బ, మ ఉన్నాయి. ప-కు మహాప్రాణం తోడవుతుంది, కానీ అల్పప్రాణ, మహాప్రాణ భేదం అర్థాన్ని మార్చదు. కింది పెదవిని పై పళ్లకు ఆనించి పలికే వ ఉంది. దానికి శ్వాస జోడీ, ఇంగ్లీషు 'ఫ్యాన్'లోని ధ్వని, లేదు.

అంతస్థాల్లో య, నాలుక కొన ఆడించి పలికే ర (తెలుగు ర-కు దగ్గర), పెదవులు గుండ్రంగా చుట్టి పలికే రెండో వ ఉన్నాయి. తెలుగువారు రెండు వ-లను కలిపేస్తారు. క్లింగాన్‌లో అలా కలిపితే పొరపాటవుతుంది: పెదవి పళ్లకు తగిలే వ-తో 'వవ్' అంటే తండ్రి. మొదటి వ-ను పెదవులు చుట్టి పలికితే ఆ మాటకే 'విభజించు' అన్న అర్థం వస్తుంది.

చివరిది కంఠబిలీయ స్పర్శం. దీన్ని చాలామంది రాతలో అలంకారం అనుకుంటారు. ఇది పూర్తి హల్లు. 'చ' అంటే టార్పెడోలు, 'చ'' అంటే రెండు. మాట చివర ఈ ధ్వని వచ్చినప్పుడు ముందున్న అచ్చు నీడలా మరోసారి మెల్లగా వినిపించవచ్చని నిఘంటువు చెబుతుంది.

ట్ల ఉచ్చారణ

భాష పేరులోనే ఉన్న ఈ ధ్వనిని విడిగా వివరించాలి. మెక్సికోలోని నావాట్ల్ భాష పేరు చివర ఆ భాషవారు పలికేది ఈ కోవదే. ముందు ట పలకబోతున్నట్టు నాలుక కొనను పై చిగురుకు గట్టిగా ఆనించాలి. కొన అక్కడే ఉండగా నాలుక రెండు పక్కలను దించి, గొంతు మోగించకుండా గాలిని ఆ పక్కలనుంచి బలంగా వదలాలి. ట తర్వాత ల పలికినట్టు అనిపించినా ఇందులో ల-కు ఉండే నాదం ఉండదు, బుసకొట్టినట్టుంటుంది. 'ప్లేటు'లో ప-ల కలిసినట్టు ట-ల-లను కలిపి పలికితే అది తప్పు. మాట మొదట్లో కంటే చివర పలకడం కష్టం. 'మాట్లాడు' అన్న అర్థమిచ్చే 'జట్ల్'తో అభ్యాసం చేయవచ్చు. 'తాగు' అన్న మాట 'ట్లుట్ల్'కు మొదలూ చివరా ఇదే.

అచ్చులు

అ, ఎ, ఇ, ఒ, ఉ. హ్రస్వ దీర్ఘ భేదం లేదు. హల్లుల విషయంలో అంత కొంటెగా ప్రవర్తించిన ఓక్రాండ్ అచ్చుల విషయంలో సాదాగా ఉండిపోయాడు. అ-ను నోరు బాగా తెరిచి వెనక నుంచి పలకాలి. నిడివి సంగతి పక్కన పెడితే అది తెలుగు ఆ-కే దగ్గర. ఇ శిథిలంగా, ఇంగ్లీషు 'బిట్'లోలా ఉంటుంది. అప్పుడప్పుడు ఈ-లా బిగువుగా పలికినా తప్పు కాదు. తెలుగులో 'పలక', 'పాలక' వేరు మాటలు. క్లింగాన్‌లో ఆ రకం భేదానికి తావు లేదు.

అచ్చు తర్వాత య గానీ, చుట్టిన వ గానీ వస్తే సంధ్యచ్చులు ఏర్పడతాయి: అయ్, ఎయ్, ఇయ్, ఒయ్, ఉయ్, అవ్, ఎవ్, ఇవ్. ఒ, ఉ-ల తర్వాత మాత్రం చుట్టిన వ రాదు. వస్తే చెవికి తేడా తెలియదన్నదే కారణం.

అక్షర నిర్మాణం

ప్రతి అక్షరమూ హల్లుతో మొదలవ్వాలి. అచ్చుతో మొదలైనట్టు కనిపించే మాటకు నిజానికి ముందు కంఠబిలీయ స్పర్శం ఉంటుంది. విశ్వం అన్న అర్థమిచ్చే ''ఉ'' అనే మాటలో ఉ-కు రెండువైపులా అదే హల్లు కాపలా ఉంది. 2010లో ది హేగ్‌లో ప్రదర్శించిన క్లింగాన్ ఆపెరా పేరు ఇదే.

అక్షరం మొదట ఒకే హల్లు వస్తుంది. 'ప్ర', 'స్త' వంటి సంయుక్తాలు ఒకే అక్షరం మొదట రావు. చివర ఒక హల్లు రావచ్చు. రెండు రావడానికి మూడే వీలు: ర్ఘ్, య్', వ్'. ఒకటి నుంచి తొమ్మిది దాకా అంకెలు చదివితే ఈ నిర్మాణమంతా వినిపిస్తుంది: వ', చ', వెజ్, లొష్, వఘ్, జవ్, షొచ్, చొర్ఘ్, ఖుట్. అన్నీ ఏకాక్షరాలు, అన్నీ హల్లుతో ముగిసేవే. తెలుగును అజంత భాష అంటారు. ఆ కొలతలో క్లింగాన్ అవతలి ఒడ్డున ఉంది.

సంధి లేకపోవడం

క్లింగాన్ తెలుగులాగే ప్రత్యయాలు ఒకదాని వెనక ఒకటి అతికే భాష. కానీ అతుకు దగ్గర ధ్వనులు మారవు. 'పుక్' (బిడ్డ)కు బహువచనం 'పు'' చేరితే 'పుక్‌పు'' అవుతుంది, అంతే.

అవును-కాదు ప్రశ్నకు క్లింగాన్‌లో ''అ'' అనే ప్రత్యయం చేరుతుంది. తెలుగులో అదే పనికి 'ఆ' చేరుతుంది. ఇది కేవలం కాకతాళీయం. కానీ రెండూ అతుకు దగ్గర ప్రవర్తించే తీరు పోల్చదగ్గది. తెలుగులో 'మాట్లాడతావు' పక్కన 'ఆ' చేరగానే ఉకారం లోపించి 'మాట్లాడతావా' అవుతుంది. అతుకు మాయమవుతుంది. క్లింగాన్‌లో 'డజట్ల్' (నువ్వు దాన్ని మాట్లాడతావు) పక్కన చేరితే 'డజట్ల్'అ''. రెంటి మధ్యన గొంతు మూసుకున్న ఆ క్షణం గోడలా నిలబడుతుంది. ఈ గోడలు అడుగడుగునా ఉండడం వల్లే భాష విరిచి విరిచి పలికినట్టు వినిపిస్తుంది.

దీనికి ఒక మినహాయింపు ఉంది. ముద్దుగా పిలవడానికి నామాలకు చేరే 'ఒయ్' ప్రత్యయం కంఠబిలీయం లేకుండా నేరుగా అచ్చుతో మొదలవుతుంది: 'వవ్' తండ్రి అయితే 'వవొయ్' నాన్న. అచ్చుతో ముగిసే నామానికి చేరినప్పుడు మాత్రం మధ్యలో కంఠబిలీయ స్పర్శం ఆగమంగా వస్తుంది. తెలుగు యడాగమం చేసే పనే ఇది. యోధుల భాషలో నియమం సడలింది ముద్దు మాట దగ్గర కావడం యాదృచ్ఛికమో, ఓక్రాండ్ చమత్కారమో పాఠకులే ఊహించుకోవచ్చు.

ఊనిక

క్రియల్లో ఊనిక ధాతువు మీద పడుతుంది. 'జిక్ఖొఙ్' (నేను నిద్రపోతాను) మాటలో 'జి' పురుషను తెలిపే ఉపసర్గ, బలం 'క్ఖొఙ్' మీద ఉంటుంది. కంఠబిలీయంతో ముగిసే ప్రత్యయం ధాతువుకు దూరంగా, మధ్యలో మరో ప్రత్యయంతో వస్తే అది కూడా ఊనికను పంచుకుంటుంది. నామాల్లో తొలి ప్రత్యయానికి ముందున్న అక్షరం మీద, ప్రత్యయం లేకపోతే చివరి అక్షరం మీద పడుతుంది. అయితే కంఠబిలీయంతో ముగిసే అక్షరం ఎక్కడున్నా ఊనికను అదే లాక్కుంటుంది. ఇవి సాధారణ పోకడలు. చెప్పదలుచుకున్నదాన్ని నొక్కి చెప్పడానికి ఊనిక మారవచ్చు.

మాండలికాలు

వ్యవస్థకు సహజత్వం తెచ్చేందుకు ఓక్రాండ్ ప్రాంతీయ భేదాలను కూడా కల్పించాడు. బ-ను కొందరు 'మ్బ'లా, అతికొద్దిమంది మ-లాగే పలుకుతారనీ, డ-ను కొందరు 'ణ్డ'లా లేదా న-లా పలుకుతారనీ 1985 నిఘంటువే చెప్పింది. 1997లో వచ్చిన 'క్లింగాన్ ఫర్ ది గలాక్టిక్ ట్రావెలర్' వీటికి ప్రాంతాల పేర్లు పెట్టింది: బ, డ-లను మ, న-లుగా పలికేవారు క్ఖొట్‌మఘ్ ప్రాంతంవారు, 'మ్బ', 'ణ్డ'లుగా పలికేవారు టక్'ఎవ్ ప్రాంతంవారు. బ, డ-లు నాద స్పర్శాలు. అవి అనునాసికం వైపు జారడం మానవ భాషల్లోనూ జరిగేదే. వర్ణ పట్టికలో నియమాలు తప్పిన ఓక్రాండ్ మాండలికాల్లో మాత్రం వాటిని పాటించాడు.

ఎరువు మాటల్లో ధ్వని మార్పు

స్టార్ ట్రెక్ రచయితలు క్లింగాన్ పేర్లను ఈ భాష నియమాలు పట్టించుకోకుండా ఇంగ్లీషులో పెట్టేశారు. వాటికి 'అసలు' రూపాలు కల్పించాల్సి వచ్చినప్పుడు ఓక్రాండ్ వాటిని తన భాష నోట పలికించాడు. తెలుగు నోట స్కూలు 'ఇస్కూలు' అయినట్టే ఇవీ మారాయి.

వోర్ఫ్ అనే ప్రసిద్ధ పాత్ర పేరు క్లింగాన్‌లో 'వొ'రివ్'. ఇంగ్లీషు ఫ ఈ భాషలో లేదు, దానికి దగ్గరి వ వచ్చింది. అక్షరం చివర ర-వ్ జంట కుదరదు, మధ్యలో ఇ చొరబడింది. అలా ఏర్పడిన రెండక్షరాల్లో మొదటిదాన్ని కంఠబిలీయం మూసింది. క్లింగాన్ల సొంత గ్రహం ఇంగ్లీషులో క్రోనోస్, వాళ్ల భాషలో 'క్ఖొ'నొష్'. గరగరమనే క్ఖ ఇంగ్లీషు చెవికి 'క్ర'లా వినిపించిందని ఈ జంట సూచిస్తుంది. స స్థానంలో ష చేరింది. ఆదివీరుడు కేలెస్ 'కెయ్‌లిష్' అయ్యాడు. పురుగుల వంటకం 'గాగ్' అసలు పేరు 'కఘ్'. భాషలో గ లేదు కదా, మొదట్లో క, చివర ఘ. వంపు తిరిగిన ఖడ్గం బాట్‌లెత్ అసలు 'బెట్‌లెఖ్'.

ఓక్రాండ్ పదసృష్టిలో ధ్వనులతో ఆటలు చాలా ఉన్నాయి. చేపకు అతను పెట్టిన పేరు 'ఘొటి''. ఇంగ్లీషు వర్ణక్రమాన్ని వెక్కిరించే ఒక పాత హాస్యోక్తి దీనికి మూలం. 'ఇనఫ్' చివరి అక్షరాలకు ఫ ధ్వని, 'విమెన్'లోని ఒ అక్షరానికి ఇ ధ్వని, 'నేషన్' మధ్య అక్షరాలకు ష ధ్వని ఉన్నాయి. ఆ అక్షరాలను వరసగా కూర్చి 'ఫిష్' అని చదవవచ్చని ఆ హాస్యోక్తి. ఇంగ్లీషులో ఎవరూ పలకని ఆ రాతను, చివర కంఠబిలీయం తగిలించి, రాసింది రాసినట్టు పలికించాడు ఓక్రాండ్.

రోమన్ రాత, సొంత లిపి

రోమన్ రాత నటుల కోసం పుట్టింది. అందుకే పెద్దబడి, చిన్నబడి అక్షరాలు ఒకే మాటలో కలగాపులగంగా ఉంటాయి. పెద్దబడి అక్షరం వాక్యం మొదలనో, పేరనో కాదు, 'ఇక్కడ ఇంగ్లీషులా పలకకు' అనే హెచ్చరిక. డ, ష, ఖ, ఇ ఎప్పుడూ పెద్దబడిలోనే ఉంటాయి. చిన్న క్యూ క-కు, పెద్ద క్యూ క్ఖ-కు గుర్తు. ట్ల-కు టి, ఎల్, హెచ్ మూడు అక్షరాలు కావాలి. చిన్న హెచ్ విడిగా ఎక్కడా రాదు కాబట్టి ఎన్, జి, హెచ్ వరసగా వస్తే అది న, ఘ-ల కలయికే తప్ప ఙ, హ-లు కాదని తెలిసిపోతుంది.

ధ్వనికొక గుర్తు కావాలనుకున్నవారు ఒకే మీటతో సరిపెట్టే మరో పద్ధతి అల్లుకున్నారు. అందులో ట్ల-కు ఎక్స్, ఙ-కు ఎఫ్ వాడతారు. 'పికడ్' అనే సొంత లిపిలో 26 వర్ణాలకు 26 గుర్తులున్నాయి. దీన్ని యూనికోడ్‌లో చేర్చాలన్న ప్రతిపాదనను 2001లో తిరస్కరించారు.

వాడుక

1992లో ఏర్పడిన క్లింగాన్ లాంగ్వేజ్ ఇన్‌స్టిట్యూట్ ఏటా సభలు జరుపుతోంది. అదే ఏడాది ఉచ్చారణ నేర్పే ధ్వని క్యాసెట్టు 'కన్వర్సేషనల్ క్లింగాన్' వచ్చింది. 1996లో 'హామ్లెట్' అనువాదం వెలువడింది. 2017లో 'స్టార్ ట్రెక్: డిస్కవరీ' ధారావాహికలో నిడివైన సంభాషణలు ఈ భాషలో వచ్చాయి. 2018లో డువోలింగో పాఠం మొదలైంది. క్యాసెట్ల నుంచి ఫోను తెరల దాకా నేర్చుకునేవారు ఎక్కువగా తడబడేది క, క్ఖ-ల భేదం దగ్గర, మాట చివరి ట్ల దగ్గర.

ఇతర కల్పిత భాషలతో పోలిక

1887లో జామెన్‌హాఫ్ ప్రకటించిన ఎస్పరాంటోలో 28 అక్షరాలు, అక్షరానికొక ధ్వని ఉన్నాయి. ఊనిక ఎప్పుడూ చివరినుంచి రెండో అక్షరం మీద పడుతుంది. అందరికీ సులువు కావాలన్నది దాని లక్ష్యం. అందులో ౘ ధ్వని ఉంది కాబట్టి 'ౘుక్క', 'ౘాప' అనే తెలుగువారికి అది కొత్త కాదు. టోల్కీన్ క్వెన్యా వినసొంపు కోసం ఫిన్నిష్‌ను ఆదర్శంగా తీసుకుంది. 'బాహుబలి' (2015)లో కాలకేయుల కోసం మదన్ కార్కీ కూర్చిన కిలికిలో నాలుకను అంగిలికి తాటించి చేసే చప్పుళ్లు కూడా వాడుకలోకి వచ్చాయి. క్లింగాన్ ఆ దారి తొక్కలేదు. క్లింగాన్ 26 వర్ణాల్లో అలాంటి చప్పుడు ఒక్కటీ లేదు.

'అవతార్' (2009) కోసం పాల్ ఫ్రామర్ నిర్మించిన నావీ కూడా ఖాళీల మీద నడిచిన వ్యవస్థే. అందులో బ, ద, గ వంటి నాద స్పర్శాలు లేవు. వాటికి బదులు గొంతు బిగించి విడిచే మూడు స్పర్శాలున్నాయి. అచ్చుల్లా అక్షరానికి కేంద్రంగా నిలిచే ర, ల-లు కూడా నావీలో ఉన్నాయి. తెలుగు వర్ణమాలలో ఋ, ఌ అనే గుర్తులు ఒకనాడు నిలిచింది ఆ కోవ ధ్వనుల కోసమే.